చార్జింగ్ ఎక్కుతోంది, ఫొటోలు మాత్రం లాప్‌టాప్‌లోకి రావట్లేదు

ప్రశ్న: మా ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను, విండోస్ 11 లాప్‌టాప్ ఉన్నాయి. ఫోన్లో 60 జీబీ దాకా ఫొటోలు, వీడియోలు పేరుకుపోయాయి. లాప్‌టాప్‌లోకి ఎక్కిద్దామని కేబుల్ పెడితే చార్జింగ్ అవుతుందే తప్ప ఫోను కనిపించదు. మా తమ్ముడి కేబుల్‌తో ఒకసారి కనిపించింది గానీ లోపలంతా ఖాళీ. ఇంకోసారి ఫొటోలు వచ్చాయి, మా చెల్లి పెళ్లి వీడియో మాత్రం బయట తగిలించే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ కానంటోంది. పోనీ వైఫైలో పంపుదామంటే ఫోనుకి లాప్‌టాప్ దొరకదు. షాపులో అడిగితే లాప్‌టాప్ ఫార్మాట్ కొట్టాలి, లేకపోతే ఫోను రీసెట్ చేయాలి అన్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: రెండూ వద్దండీ. మీరు రాసినవన్నీ ఒకే జబ్బు కాదు, నాలుగు వేర్వేరు చిక్కులు. వాటిలో ఒక్కదానికి కూడా లాప్‌టాప్ ఫార్మాట్ మందు కాదు. పైగా ఫోను రీసెట్ చేస్తే మీరు దాచుకోవాలనుకుంటున్న ఫొటోలే ముందు పోతాయి.

మొదట ఒక చిన్న పరీక్ష చేయండి. లాప్‌టాప్ సౌండ్ పెంచి, ఫోను లాక్ తీసి, కేబుల్ గుచ్చండి. లాప్‌టాప్ నుంచి టింగుమని శబ్దం వచ్చిందా? ఫోన్లో పైనుంచి నోటిఫికేషన్లు కిందికి లాగితే 'యూఎస్‌బీ ద్వారా చార్జ్ అవుతోంది, మరిన్ని ఆప్షన్ల కోసం ట్యాప్ చేయండి' అన్న అర్థం వచ్చే వరుస కనిపించిందా? ఈ రెండూ లేకపోతే లాప్‌టాప్‌కి అసలు ఫోను వచ్చిన సంగతే తెలియలేదు. అప్పుడు వెతకాల్సింది కేబుల్లో, సాకెట్లో. రెండూ ఉంటే కేబుల్ బాగానే ఉంది, చూడాల్సింది సెట్టింగుల్లో. ఇది తేల్చుకోకుండా డ్రైవర్లు (తగిలించిన పరికరంతో విండోస్ మాట్లాడేందుకు వాడే చిన్న ప్రోగ్రాములు), సాఫ్ట్‌వేర్లు అంటూ మొదలుపెడితే రోజంతా గడిచిపోతుంది.

శబ్దం రాలేదనుకుందాం. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. ట్రిమ్మర్లు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, టేబుల్ లైట్లు, పవర్‌బ్యాంకులతో వచ్చే చౌక కేబుళ్లలో చాలావాటికి డేటా తీగలు ఉండవు. ఉన్నవి కరెంటు తీగలు రెండే. పైకి చూస్తే తేడా తెలియదు, చార్జింగ్ మాత్రం చక్కగా అవుతుంది. మీ తమ్ముడి కేబుల్‌తో ఫోను కనిపించిందన్నారు కాబట్టి మీ కేబుల్ మీద నాకు గట్టి అనుమానమే. ఫోను డబ్బాలో వచ్చిన కేబుల్ ఉంటే అదే వాడండి. కొత్తది కొంటే 'డేటా ట్రాన్స్‌ఫర్' అనీ, '480 ఎంబీపీఎస్' అనీ ప్యాకెట్ మీద రాసి ఉన్నది చూసి తీసుకోండి. 'ఫాస్ట్ చార్జింగ్ 65 వాట్లు' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా అది చార్జింగ్ గురించిన మాటే, డేటా గురించి కాదు. పొడవు ఒక మీటరు చాలు. మూడు మీటర్ల చౌక కేబుళ్లు మధ్యమధ్యలో కనెక్షన్ వదిలేస్తుంటాయి.

కేబుల్ మంచిదే అయితే ఫోను సాకెట్ చూడండి. జేబులో, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టే ఫోన్ల టైప్-సీ రంధ్రంలో గుడ్డ నూలు చేరి గట్టిగా అణిగిపోతుంది. పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. 'చార్జింగ్ అవుతోంది కాబట్టి సాకెట్ బాగున్నట్టే' అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. కరెంటు కాళ్లు వేరు, డేటా కాళ్లు వేరు. కరెంటు కాళ్లు ఆనుకుని, డేటా కాళ్లు ఆనకపోతే సరిగ్గా మీరు చెప్పినట్టే జరుగుతుంది. ఫోను స్విచాఫ్ చేసి, వెదురు లేదా చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంబడి మెల్లగా గీరి ఆ నూలు బయటికి లాగండి. మధ్యలో ఉండే సన్నటి నాలుక లాంటి పలకని నెట్టొద్దు. పిన్నీసు, సూది అసలే వద్దు. ఆ పలక విరిగితే సాకెట్ మార్చాల్సిందే. కేబుల్ తలని తిప్పి కూడా పెట్టి చూడండి. టైప్-సీ ఎటు పెట్టినా పనిచేయాలి. ఒకవైపే పనిచేస్తే, పనిచేయని వైపు కాళ్లు అరిగి ఉండొచ్చు.

లాప్‌టాప్ వైపు రెండు మాటలు. యూఎస్‌బీ హబ్బు ఉంటే పక్కనపెట్టి, నేరుగా లాప్‌టాప్ పోర్టులోనే గుచ్చండి. వేరే పోర్టులో కూడా ప్రయత్నించండి. డెస్క్‌టాప్ వాడేవాళ్లు మాత్రం సీపీయూ డబ్బా ముందున్న పోర్టులు కాకుండా వెనకాల మదర్‌బోర్డుకే ఉండే పోర్టులు వాడాలి. ముందు పోర్టులు లోపల వేరే తీగతో కలిసి ఉంటాయి, అది వదులైనా ఎవరూ గమనించరు.

ఇప్పుడు శబ్దం వచ్చి, లోపల ఖాళీగా ఉన్న సంగతి. మీ తమ్ముడి కేబుల్‌తో ఎదురైంది ఇదే. ఇది పాడవడం కాదు, కావాలని పెట్టిన కాపలా. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి ఫోను కంప్యూటర్‌కి తగిలించగానే 'చార్జింగ్ మాత్రమే' అన్న పద్ధతిలోకి వెళుతుంది. నెట్ సెంటర్లోనో, జిరాక్స్ షాపులోనో చార్జింగ్ కోసమని పెట్టినప్పుడు మీ ఫొటోలు వాళ్లకి కనిపించకూడదు కదా. కాబట్టి ప్రతిసారీ లాక్ తీసి, ఆ యూఎస్‌బీ నోటిఫికేషన్ మీద నొక్కి, 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి. కొన్ని ఫోన్లలో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్ / ఆండ్రాయిడ్ ఆటో' అని ఉంటుంది, రెండూ ఒకటే. 'పీటీపీ' అన్నది ఎంచుకుంటే కెమెరా ఫొటోలే కనిపిస్తాయి, డౌన్‌లోడ్లు, వాట్సాప్ కనిపించవు. లాక్ తీయకపోతే ఫోను పేరు కనిపించి లోపల ఖాళీగానే ఉంటుంది. లాక్ తీసి ఫైల్ ట్రాన్స్‌ఫర్ పెట్టాక కూడా ఖాళీగా కనిపిస్తే, లాప్‌టాప్‌లో ఎఫ్5 నొక్కి రిఫ్రెష్ చేయండి.

టైప్-సీ నుంచి టైప్-సీ కేబుల్ వాడితే ఇంకో తమాషా ఉంది. ఒక్కోసారి ఫోనే పెద్దరికం తీసుకుని, లాప్‌టాప్‌ని తన కిందిదిగా చూస్తుంది. అదే యూఎస్‌బీ తెరలో 'యూఎస్‌బీని నియంత్రించేది' అని ఉంటుంది, అక్కడ 'కనెక్టెడ్ డివైస్' ఎంచుకోవాలి.

రోజూ నోటిఫికేషన్ నొక్కడం విసుగనిపిస్తే సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'కి వెళ్లి 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు నొక్కండి. కొన్ని ఫోన్లలో ఇది 'సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్' లోపల ఉంటుంది. 'డెవలపర్ ఆప్షన్స్' తెరుచుకుంటుంది. అందులో 'డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్'లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ పెడితే సరి. అక్కడే ఉన్న 'యూఎస్‌బీ డీబగ్గింగ్' జోలికి పోకండి, మీ పనికి దాని అవసరం లేదు. బయట కంప్యూటర్లకి ఫోను తరచూ తగిలించేవాళ్లకి మాత్రం ఈ మార్పు నేను చెప్పను.

ఇవన్నీ చేసినా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'దిస్ పీసీ' కింద ఫోను పేరు రాకపోతే అప్పుడు డివైస్ మేనేజర్ తెరవండి. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే ఉంటుంది. అక్కడ ఏం కనిపిస్తుందన్నది ముఖ్యం. 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్' అని, దాంతో కోడ్ 43 అని ఉంటే, ఫోనూ లాప్‌టాపూ తొలి పలకరింపు దగ్గరే తడబడ్డాయని అర్థం. అది చాలావరకు మళ్లీ కేబులే, పోర్టే, మురికే. డ్రైవర్ కోసం నెట్లో వెతికి లాభం లేదు. 'పోర్టబుల్ డివైసెస్' కింద గానీ 'అదర్ డివైసెస్' కింద గానీ ఫోను పేరో, 'ఎంటీపీ' (ఫోను, కంప్యూటర్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) అనో పసుపు త్రికోణంతో కనిపిస్తే మాత్రం నిజంగా డ్రైవర్ చిక్కే. దానిమీద కుడి క్లిక్ చేసి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' కొట్టి, కేబుల్ తీసి, లాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, మళ్లీ గుచ్చండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే కుడి క్లిక్, 'అప్‌డేట్ డ్రైవర్', 'బ్రౌజ్ మై కంప్యూటర్', 'లెట్ మీ పిక్' అంటూ వెళ్లి, జాబితాలో 'ఎంటీపీ యూఎస్‌బీ డివైస్' ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి. ఈ డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, ఎక్కడా కొనక్కర్లేదు. 'మీ డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో సరిచేస్తాం' అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్లు మాత్రం లాప్‌టాప్‌లో వేయొద్దు, వాటితో కొత్త తలనొప్పులే.

అరుదుగా ఇంకో కారణం: సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి చూడండి. విండోస్ ఎడిషన్ పేరు చివర 'ఎన్' అనే ఒంటరి అక్షరం ఉంటే ఆ రకం విండోస్‌లో ఎంటీపీ ఉండదు. 'ఆప్షనల్ ఫీచర్స్'లోంచి 'మీడియా ఫీచర్ ప్యాక్' వేసుకుంటే వస్తుంది. యూరప్ నుంచి తెచ్చిన లాప్‌టాప్‌లలో ఇది తగిలే అవకాశం ఎక్కువ.

మీరు అడగలేదు గానీ, కాపీ సగంలో ఆగడం గురించి కూడా కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫొటోలు పోయేది ఇక్కడే. పెన్‌డ్రైవ్ తగిలిస్తే కంప్యూటర్ దాని లోపలికి నేరుగా వెళ్లి చదువుతుంది. ఫోన్లో అలా కాదు. ఎంటీపీ అంటే కిరాణా కొట్టు కౌంటర్ లాంటిది. మనం లోపలికెళ్లి అరలు తడమలేం, 'ఇది ఇవ్వు' అని అడగాలి, ఫోను ఒకటి తెచ్చి ఇచ్చాకే రెండోది అడగాలి. అందుకే ఒక కాపీ నడుస్తుండగా ఇంకో కాపీ మొదలుపెట్టినా, కెమెరా ఫోల్డర్ తెరిచి బొమ్మలు చూస్తూ కిందికి జరిపినా ఫోను తికమకపడుతుంది. వేల ఫొటోలున్న ఫోల్డర్ తెరిస్తే పైన ఒక గీత నిమిషాల తరబడి పాకుతూనే ఉంటుంది. అది వేలాడిపోవడం కాదు, ఒక్కో ఫొటో వివరం అడుగుతోంది. వ్యూ మెనూలో 'డీటెయిల్స్' పెడితే చిన్న బొమ్మల కోసం అడగడం తగ్గుతుంది, కొంత వేగం వస్తుంది.

ఇలా చేయండి. లాప్‌టాప్ చార్జర్ పెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్స్‌లో 'నెవర్' పెట్టండి. ఫోన్లో స్క్రీన్ ఆరిపోయే సమయం వీలైనంత పెంచండి. ఫోన్లో 'ఇంటర్నల్ స్టోరేజ్', 'డీసీఐఎమ్', 'కెమెరా' తెరిచి, ఒక్కసారే 60 జీబీ లాగకుండా, 5 జీబీ చొప్పునో, ఒక్కో నెల ఫొటోల చొప్పునో తీసుకోండి. కట్ ఎప్పుడూ వద్దు, కాపీనే. కట్ చేసినప్పుడు మధ్యలో కేబుల్ కదిలితే ఏది వెళ్లింది, ఏది వెళ్లలేదన్నది తేల్చడం కష్టం. ఫోను కేబుల్ మీద ఊగేలా కాకుండా బల్లమీద పడుకోబెట్టండి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ. టైప్-సీ ఉన్నా చాలా ఫోన్లలో లోపల ఉండేది ఇదే. అసలు పనిలో సెకనుకి 30 ఎంబీ వస్తే మంచిదే అనుకోవాలి. ఆ లెక్కన 60 జీబీకి అరగంట పైన. చిన్న ఫొటోలు వేలల్లో ఉంటే గంటా గంటన్నర.

ఇక పెళ్లి వీడియో. మీరు దాన్ని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తున్నానన్నారు కదా, ఆ హార్డ్‌డిస్క్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'ఫైల్ సిస్టమ్' (డిస్క్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి) చూడండి. 'ఫ్యాట్32' అని ఉంటే గుట్టు తెలిసినట్టే. అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. 4కే వీడియో కొన్ని ఫోన్లలో నిమిషానికి 350 ఎంబీ దాకా పోతుంది కాబట్టి పన్నెండు నిమిషాల తలంబ్రాల ఘట్టం ఒక్కటే ఆ గీత దాటేస్తుంది. ఫొటోలు వచ్చి వీడియో ఒక్కటే రాకపోవడానికి కారణం అదే అయ్యుండాలి. ముందు ఆ వీడియోని లాప్‌టాప్ సీ లేదా డీ డ్రైవ్‌లోకి తీసుకోండి, అవి సాధారణంగా ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఉంటాయి, దానికి ఈ అడ్డు లేదు. తర్వాత తీరిగ్గా హార్డ్‌డిస్క్‌లో ఉన్నదంతా వేరేచోట భద్రపరిచి, దాన్ని పెద్ద ఫైళ్లు కూడా పట్టే 'ఎక్స్‌ఫ్యాట్'గా ఫార్మాట్ చేయండి. ఇక్కడ ఫార్మాట్ హార్డ్‌డిస్క్‌కి, లాప్‌టాప్‌కి కాదు. అయినా దాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుందన్నది మరిచిపోవద్దు.

ఫోన్లోంచి తీసేసే ముందు రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ పక్కపక్కన పెట్టి ఫైళ్ల సంఖ్య సరిచూడండి. పెద్ద వీడియోలు లాప్‌టాప్‌లో తెరిచి చివరి నిమిషం దాకా జరిపి చూడండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ పెట్టుకుని ఉంటే, ఆ యాప్‌లో డిలీట్ చేసినది క్లౌడ్‌లోంచి కూడా పోతుంది. ఫోన్లో జాగా మాత్రమే కావాలంటే దాంట్లోనే ఉన్న 'ఫ్రీ అప్ స్పేస్' వాడాలి. వాట్సాప్ ఫొటోలు వెతుక్కునేవాళ్లకి ఒక మాట: ఇప్పుడవి బయట 'వాట్సాప్' ఫోల్డర్లో ఉండవు. 'ఆండ్రాయిడ్' ఫోల్డర్లో 'మీడియా', అందులో 'కామ్ డాట్ వాట్సాప్', అందులో 'వాట్సాప్', మళ్లీ 'మీడియా' దాకా వెళ్లాలి.

కేబుల్ సంగతి వదిలేసి వైఫైకి వద్దాం. ఫోనుకి లాప్‌టాప్ దొరకకపోవడానికి మన ఇళ్లలో నేను మొదట అనుమానించేది రెండు రౌటర్లని. హాల్లో ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన డబ్బా ఒకటి, సిగ్నల్ అందక పైగదిలో మనం కొనిపెట్టుకున్నది ఇంకోటి. ఫోను ఒకదానికీ, లాప్‌టాప్ రెండోదానికీ తగులుకుంటాయి. రెంటిలోనూ ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి ఒకే వైఫై అనుకుంటాం. అసలు సంగతి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబరు) చెబుతుంది. రెండింటిలోనూ వైఫై వివరాలు తెరిచి ఐపీవీ4 అడ్రస్ చూడండి. ఫోనుది 192.168.1.7, లాప్‌టాప్‌ది 192.168.1.12 అయితే చుక్కలతో విడిపోయిన మొదటి మూడు సంఖ్యలూ ఒకటే, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నట్టు. ఒకటి 192.168.1, ఇంకోటి 192.168.0తో మొదలైతే మధ్యలో గోడ ఉంది. ఇప్పటికి రెంటినీ ఒకే వైఫై పేరుకి కలపండి. శాశ్వతంగా కావాలంటే రెండో రౌటర్ సెట్టింగ్స్‌లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' పెట్టాలి.

అడ్రసులు సరిపోయినా దొరకకపోతే మూడు చోట్ల చూడండి. ఫోను 'గెస్ట్' వైఫైలో ఉందా? గెస్ట్ నెట్‌వర్క్ ఇంటర్నెట్ ఇస్తుంది గానీ ఇంట్లోని మిగతా మెషీన్లని కనపడనివ్వదు. రౌటర్లో 'ఏపీ ఐసొలేషన్' ఆన్‌లో ఉన్నా అంతే. రెండోది, లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్', వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే 'పబ్లిక్', 'ప్రైవేట్' అని ఉంటుంది. ఇంటి వైఫైకి 'ప్రైవేట్' పెట్టండి. దీనికోసం ఫైర్‌వాల్ మొత్తం ఆపేయమనేవాళ్ల మాట వినకండి. మూడోది, ఫోన్లో గానీ లాప్‌టాప్‌లో గానీ వీపీఎన్ (ఇంటర్నెట్‌ని వేరే దారిలో మళ్లించే యాప్) నడుస్తుంటే ఆపండి.

యాప్ సంగతికొస్తే, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే క్విక్ షేర్‌కి విండోస్ యాప్ కూడా ఉంది. నియర్‌బై షేర్ అని పాత పేరు, 2024 జనవరిలో క్విక్ షేర్‌లో కలిసింది. రెండువైపులా బ్లూటూత్, వైఫై ఆన్‌లో ఉండాలి, లాప్‌టాప్‌లో 'ఎవరికైనా కనిపించు' అన్నట్టు పెట్టాలి. అది మొరాయిస్తే లోకల్‌సెండ్ అనే యాప్ వాడండి. ఉచితం, ప్రకటనలుండవు, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది, అక్కడ తొందర్లో 'క్యాన్సిల్' కొట్టేస్తే తర్వాత ఎంత వెతికినా లాప్‌టాప్ దొరకదు. ఒట్టి బ్లూటూత్‌తో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. అది 1 జీబీకే గంట దాటుతుంది.

హాస్టళ్లలో, పీజీల్లో ఉండే పిల్లలకి అక్కడి వైఫైలో చాలాచోట్ల ఇవేవీ పనిచేయవు, ఒకరి మెషీన్ ఇంకొకరికి కనపడకుండా ముందే అడ్డుకట్ట వేసి ఉంచుతారు. వాళ్లు ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి లాప్‌టాప్‌ని దానికి కలిపి పంపుకోవచ్చు. ఫోను నుంచి లాప్‌టాప్‌కి వెళ్లే ఫైళ్లకి డేటా ఖర్చవదు. కానీ హాట్‌స్పాట్ దొరికిందని లాప్‌టాప్ వెనకాల అప్‌డేట్లు దించుకుంటుంది, అది రోజువారీ ప్యాక్‌ని మింగేస్తుంది. అందుకని హాట్‌స్పాట్ ఉంచి, మొబైల్ డేటా ఆపేయాలి.

ఇంట్లో ఎవరికైనా ఐఫోన్ ఉంటే ఈ ఎంటీపీ గొడవలేమీ వర్తించవు. తగిలించగానే ఫోన్లో వచ్చే 'ట్రస్ట్'ని నొక్కాలి, లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి 'యాపిల్ డివైసెస్' వేసుకోవాలి. కాపీ మధ్యలో 'సిస్టమ్‌కి తగిలించిన పరికరం పనిచేయడం లేదు' అని వస్తుంటే, ఐఫోన్ ఫొటోస్ సెట్టింగ్స్‌లో అడుగున 'ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ' దగ్గర 'ఆటోమేటిక్' తీసి 'కీప్ ఒరిజినల్స్' పెట్టండి. ఫోను అప్పటికప్పుడు ఫొటోల రకం మార్చబోయి తడబడటం ఆగుతుంది. కొన్ని ఫొటోలు అసలు కనిపించకపోతే, ఐక్లౌడ్‌లో 'ఆప్టిమైజ్ స్టోరేజ్' ఆన్‌లో ఉండి అసలైనవి ఫోన్లో లేకుండా పోయాయేమో చూడండి.

మంచి కేబుళ్లు రెండు, కంప్యూటర్లు రెండు మార్చి చూసినా ఎక్కడా టింగుమనకపోతే చాలావరకు మీ ఫోను చార్జింగ్ సాకెట్ మార్చాల్సి వస్తుంది. చాలా ఫోన్లలో అది విడిగా చిన్న బోర్డు మీద ఉంటుంది, మెయిన్ బోర్డు ముట్టుకోకుండానే మారుస్తారు. రిపేరుకి ఇచ్చే ముందు పైన చెప్పిన వైఫై దారిలో ఫొటోలన్నీ దించుకుని ఇవ్వండి, డేటా చెరపాల్సిన అవసరం ఈ రిపేరుకి లేదని కూడా ముందే చెప్పి ఇవ్వండి.